బడి పన్ను ఎవరి నెత్తిన?



ఆదోని పక్కన ఒక ఊళ్ళో గ్రామసభ. మన పిల్లోడొకడు లేచి "ఊరి బడి బాగుపడాలంటే ఇంటి పన్ను కొంచెం పెంచి, ఆ పెంచినంతా బడికే పెట్టాల" అన్నాడు. సగం మంది నవ్వినారు. సగం మంది కోప్పడినారు. ముందు వరుసలో కుర్చీ వేసుకుని కూచున్న మేడ ఆసామి ఒకాయన "మా పిల్లోల్లు కాన్వెంటు బస్సెక్కి పోతాండారు. గేరి పిల్లోల్లు చదివే బడికి మేమెందుకు కట్టాల?" అన్నాడు. వెనకాల నేలమీద కూచున్న మన అక్క ఒకామె మెల్లగా అడిగింది: "మాకుండేది ఒక్క రూము. దానికీ పెంచుతారా నాయనా?"

ఈ రెండు ప్రశ్నలకు జవాబు చెప్పకుండా బడి పన్ను గురించి మాట్లాడితే లాభం లేదు. ఆసామికి చెప్పే జవాబు వేరు. అక్కకు చెప్పే జవాబు వేరు. ఇద్దరికీ ఒకే జవాబు చెప్పేవాడు మోసగాడైనా అయ్యుండాలి, లెక్క రానోడైనా అయ్యుండాలి.

ముందు ఒక నిజం చెప్పుకుందాం. బడి పన్ను కొత్తగా వచ్చేది కాదు. ఇప్పటికే ఉంది. కడుతున్నది ఆ వెనకాల కూచున్న అక్కే!

ఎట్లంటారా? 2020లో అమ్మ ఒడి మొదలైంది. పిల్లను బడికి పంపే తల్లికి ఏడాదికి 15,000 రూపాయలు ఇస్తామన్నారు. మరుసటేడు మరుగుదొడ్ల నిర్వహణ అని అందులో 1,000 పట్టుకున్నారు. 2022 నాటికి బడి నిర్వహణ కూడా కలిపి కోత 2,000 అయింది. 2024లో ప్రభుత్వం మారింది. పథకం పేరు తల్లికి వందనం అయింది. 2025 జూన్‌లో డబ్బులు వేసినప్పుడు ఖాతాలో పడింది 13,000. మళ్ళీ అదే 2,000 కోత, మళ్ళీ అదే బడి నిర్వహణ! జెండాలు మారినాయి, పథకం పేరు మారింది, తల్లి కొంగు ముడి విప్పే చెయ్యి మాత్రం మారలేదు.

"అది ప్రభుత్వం ఇచ్చే డబ్బే కదా, అందులో కొంచెం పట్టుకుంటే తప్పేమి?" అనేవాళ్ళున్నారు. తల్లి పేరు చెప్పి 15,000 ప్రకటించినాక అది తల్లిదే. అందులో పట్టుకున్నది పన్నే. పేరు ఏదైనా పెట్టుకోండి.

ఇంకొక సంగతి చూడండి. ఆదాయపు పన్ను కట్టేవాళ్ళకు, ప్రభుత్వ ఉద్యోగులకు, కారున్న కుటుంబాలకు ఈ పథకం లేదు. సరే, న్యాయమే. కానీ పథకం లేదు కాబట్టి కోత కూడా లేదు. అంటే ఊళ్ళో బడి మరుగుదొడ్డి కడిగించే ఖర్చు కూలి తల్లి భరిస్తుంది. మూడంతస్తుల మేడ దాని జోలికి రాదు. ఒక్కొక్క బిడ్డకు 2,000. ఇద్దరుంటే 4,000. ఆ డబ్బు మిరప చేలో ఎన్ని రోజుల కూలి అవుతుందో మీరే లెక్కేసుకోండి.

ఇప్పుడు ఇంటి పన్ను వైపు చూద్దాం. మన రాష్ట్రంలో ఇంటి పన్ను మీద చదువు పేరుతో వసూలు చేసే సెస్సు ఒకటి పాతకాలం నుండీ ఉంది. అది గ్రంథాలయ సెస్సు. 1960 నాటి గ్రంథాలయాల చట్టం కింద ఇంటి పన్ను రూపాయికి 8 పైసలు. ఏడాదికి 2,000 రూపాయల ఇంటి పన్ను కట్టే మేడకు ఇది 160 రూపాయలు. 100 రూపాయల పన్ను కట్టే కాలనీ ఇంటికి 8 రూపాయలు. పెద్ద ఇంటికి పెద్ద మొత్తం, చిన్న ఇంటికి చిన్న మొత్తం. ఇది కదా లెక్క! మరి బడి దగ్గరకొచ్చేసరికి ఈ లెక్క ఎందుకు తలకిందులైంది? మేడ ఆసామి పుస్తకాలకు 160 ఇస్తే సరిపోతుంది. కూలి తల్లి బడికి 2,000 ఇవ్వాలి. మనువు రాసిన ధర్మశాస్త్రానికీ ఈ లెక్కకూ తేడా ఏముంది?

అందుకే ఈ పత్రిక తన మాట దాచుకోకుండా చెబుతోంది. బడి కోసం ఇంటి పన్ను పెంచడాన్ని మనం సమర్థించాలి. అయితే కళ్ళు మూసుకుని కాదు. షరతులు పెట్టి సమర్థించాలి. ఆ షరతులు ఎందుకో చరిత్ర చెబుతుంది.

మన కర్నూలు, కడప జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న రోజులు. 1850ల నడుమ గోదావరి జిల్లా నర్సాపురం వైపు రైతులు శిస్తు మీద కొంత అదనంగా కట్టి ఊరి బడులు నడుపుకున్నారు. అప్పటి సబ్ కలెక్టరు టేలర్ దాన్ని ప్రోత్సహించినాడు. 1871లో మద్రాసు ప్రభుత్వం స్థానిక నిధుల చట్టం చేసి, ఇళ్ళ మీద పన్ను వేసి పల్లె బడులు నడపొచ్చు అంది. ఇళ్ళున్న వాళ్ళు ఒప్పుకోలేదు. ఆ ఇంటి పన్ను ఎక్కువ కాలం నిలవలేదు. 1920లో ప్రాథమిక విద్యా చట్టం వచ్చి స్థానిక సంస్థలు విద్యా పన్ను వేసుకోవచ్చు అని మళ్ళీ చెప్పింది. కాబట్టి బడి పన్ను అనేది నిన్న మొన్న ఎవరో కనిపెట్టింది కాదు. నూటా డెబ్బై ఏళ్ళ ముచ్చట.

కానీ ఒక్క మాట అడుగుదాం. ఆ బడుల మెట్లు మన తాతలను ఎక్కనిచ్చినారా? ఊరుమ్మడి డబ్బుతో నడిచే బడిలో మన పిల్లలకు చాపముక్క కూడా దొరకలేదు. 1893లో పంచమ పిల్లల చదువు కోసం మద్రాసు ప్రభుత్వం వేరే ఉత్తర్వు ఇవ్వాల్సి వచ్చిందంటేనే తెలుస్తుంది. 1882లో మహాత్మా ఫూలే హంటర్ కమిషన్ ముందు ఇదే మాట చెప్పినాడు. ఖజానా నిండేది రైతు కూలీల చెమటతో, ఆ డబ్బు ఖర్చయ్యేది పైకులాల పెద్ద చదువులకు అని. 1927లో బాబాసాహెబ్ అంబేద్కర్ బొంబాయి శాసనమండలిలో లేచి, జనం దగ్గర సారా మీద లాగే డబ్బెంత, వాళ్ళ పిల్లల చదువుకు తిరిగి ఇచ్చేదెంత అని లెక్క తీసి అడిగినాడు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట అక్కలు అక్షరాలు దిద్దుకుంటూ సారా మీద తిరగబడిందీ ఈ లెక్క అర్థమైనందుకే. పన్ను కట్టడం ఒక్కటే కాదు, అది యాడికి పోతాందో చూడడం కూడా మన పోరాటమే.

ఇంకో హెచ్చరిక అమెరికా నుండి. అక్కడ బడుల డబ్బులో పెద్ద భాగం స్థానిక ఇంటి పన్ను నుండి వస్తుంది. "ఆహా, బాగుంది" అనుకోకండి. టెక్సాస్ రాష్ట్రంలో శాన్ ఆంటోనియో అనే పట్నం ఉంది. అందులో ఎడ్జ్‌వుడ్ అనేది పేద మెక్సికన్ల పేట. అలమో హైట్స్ అనేది ధనికుల పేట. 1960ల చివర్లో ఎడ్జ్‌వుడ్ వాళ్ళు ఇళ్ళ విలువ 100 డాలర్లకు 1 డాలరు 5 సెంట్ల చొప్పున పన్ను వేసుకున్నారు. బిడ్డకు వచ్చింది 26 డాలర్లు. అలమో హైట్స్ వాళ్ళు 85 సెంట్లే వేసుకున్నారు. బిడ్డకు వచ్చింది 333 డాలర్లు! పేదోడు ఎక్కువ రేటు కట్టినాడు, తక్కువ బడి తెచ్చుకున్నాడు. ఎందుకంటే పేదోడి ఇల్లే చిన్నది. ఆ తల్లిదండ్రులు కోర్టుకు పోయినారు. 1973లో వాళ్ళ సుప్రీంకోర్టు అయిదుగురు ఒకవైపు, నలుగురు ఒకవైపు నిలబడి వాళ్ళ కేసు కొట్టేసింది.

దీన్ని మన ఊరికి తెచ్చి చూడండి. ఏ పేట పన్ను ఆ పేట బడికే అంటే, మాదిగ గేరి బడికి గేరి పన్నే దిక్కు. కోసిగి మండలంలోని పల్లె పన్ను ఆ పల్లె బడికే అంటే, కర్నూలు పట్నంలోని మేడల పన్ను ఆ మేడల పక్క బడికే పోతుంది. 2011 జనాభా లెక్కల్లో కర్నూలు జిల్లాలో అక్షరాస్యత 60 శాతం దగ్గరే ఆగిపోయింది. ఆడవాళ్ళలో సగం మందికి అప్పటికి చదవడం, రాయడం రాదు. డిసెంబరు వచ్చిందంటే పడమటి మండలాల నుండి జనం సుగ్గికని గుంటూరు వైపు మిరప కోతలకు లారీలెక్కుతారు. పిల్లలూ ఎక్కుతారు. వానల్లేని ఊరి పన్నుతో ఆ పిల్లల చదువు నిలబడుతుందా? నిలబడదు. డబ్బు జిల్లా అంతా ఒక కుప్ప కావాలి. ఎక్కువ కరువున్న చోటికి ఎక్కువ పోవాలి.

పట్టణాల సంగతీ చెప్పుకోవాలి. 2020లో చట్టం మార్చి, 2021 నుండి మున్సిపాలిటీల్లో ఇంటి పన్నును ఆస్తి విలువ మీద వేస్తున్నారు. ఏడాదికి 15 శాతానికి మించి పెరగకూడదన్నారు. 375 చదరపు అడుగుల లోపు సొంతింటికి ఏడాదికి 50 రూపాయలే అన్నారు. అంటే చిన్న ఇంటిని వదిలి పెద్ద ఇంటి మీద వెయ్యడం చేతకాని పనేమీ కాదు. మనసుంటే చెయ్యొచ్చు. అదే ఏడాది ఇంటింటికీ చెత్త పన్ను కూడా వేసినారు. జనం తిట్టుకుంటూ కట్టినారు, చాలామంది కట్టలేదు, 2024లో రద్దు చేసినారు. పెరిగిన ఇంటి పన్నులో బడికి ఎంత పోతాందో మాత్రం మనం అడగాలి. కిరాయి ఇళ్ళలో ఉన్న మనవాళ్ళ మీదికి ఓనర్లు ఆ పెంపును అద్దెలో కలిపి తోసేది కూడా మనకు తెలుసు.

కాబట్టి మన షరతులు ఇవి:

ఒకటి. తల్లుల ఖాతాలో కోత ఆపాలి. బడి నిర్వహణ డబ్బు ఇంటి పన్ను నుండి రావాలి.

రెండు. ఇందిరమ్మ ఇళ్ళు, కాలనీ ఇళ్ళు, ఒంటి గది ఇళ్ళ మీద ఒక్క పైసా పెంచకూడదు. పెంపు మేడల మీద, వ్యాపార భవనాల మీద, కిరాయికిచ్చే రెండో ఇల్లు, మూడో ఇంటి మీద.

మూడు. కొత్త పన్నుకు ముందు పాత బకాయి. ఊళ్ళో ఎవరి బకాయి ఎంతో పేర్లతో పంచాయతీ గోడ మీద రాయాలి. కాలనీ ఇంటికి కుళాయి కట్ చేస్తామనే బిల్లు కలెక్టరు పెత్తందారు గుమ్మం ముందు కూడా నిలబడాలి.

నాలుగు. డబ్బుకు వేరే ఖాతా. గ్రంథాలయ సెస్సు వసూలు చేసుకున్న పంచాయతీలు, మున్సిపాలిటీలు దాన్ని గ్రంథాలయ సంస్థలకు జమ చెయ్యకుండా బాకీ పడిన కథ మనకు తెలుసు. బడి పన్ను అట్ల కాకూడదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి సర్కారు బడికీ యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్ళు. ఖర్చు లెక్క ఆ కమిటీ చేతుల మీదుగా పోవాలి. ప్రతి గ్రామసభలో గట్టిగా చదివి వినిపించాలి.

అయిదు. ఇది సర్కారు డబ్బుకు బదులు కాదు. రాజ్యాంగం 21ఎ అధికరణం చదువును హక్కు చేసింది. టీచర్లు, గదులు, పుస్తకాలు, భోజనం ప్రభుత్వ బాధ్యత. "మీరు పన్ను కడుతున్నారు కదా, మేం తగ్గించుకుంటాం" అంటే ఆ రోజే మనం వీధిలోకి రావాలి. ఇంటి పన్ను డబ్బు నీళ్ళకు, మరుగుదొడ్డి కడిగే మనిషి సరైన జీతానికి, కాపలాకు, విరిగిన బెంచీకి, సుగ్గికి పోయిన తల్లుల పిల్లలను ఊళ్ళోనే ఉంచి అన్నం పెట్టేదానికి. ఆ మరుగుదొడ్డి కడిగే మనిషి ఎప్పుడూ మన గేరి నుండే రావాలనే రివాజు కూడా దాంతోపాటే పోవాలి.

ఇప్పుడు ఆ మేడ ఆసామికి జవాబు. అయ్యా, మీ పిల్లలు ఆ బడికి పోకపోవచ్చు. మీ చేను కోసేవాళ్ళ పిల్లలు పోతారు. మీ మేడ ఇటుకలు మోసినవాళ్ళ పిల్లలు పోతారు. మీ ఇంటి ముందుకు రోడ్డు వచ్చింది, కరెంటు వచ్చింది, మీ స్థలం విలువ పెరిగింది. అది మీ ఒక్కరి తెలివితో పెరిగింది కాదు. ఊరు పెంచింది. ఊరి బాకీ ఊరికి కట్టండి.

ఇంకో జవాబు మనలో మనకు. ఈ మాటలు రాస్తున్న నేను జీతగాడి కొడుకును. మా ఇంట్లో మొదట డిగ్రీ చదివినోణ్ణి. సంక్షేమ హాస్టలు చారు తాగి, ఊరి బడి బండల మీద కూచుని అక్షరాలు నేర్చుకున్నా. నేడు సర్కారు బళ్ళో పాఠం చెప్పి జీతం తీసుకుంటున్నా. అప్పు చేసి టౌన్లో రెండు పడకగదుల ఇల్లు కట్టుకున్నా. పన్ను పెరిగిన ఏడాది నోటీసు చూసి నేనూ గొణిగినా. తర్వాత సిగ్గేసింది. నన్ను చదివించిన బడికి ఎవరో ఒకరు పన్ను కట్టే ఉంటారు కదా! మనలో ఉద్యోగాలొచ్చి ఇళ్ళు కట్టుకున్న వాళ్ళందరం ఈ మాట గుండె మీద చెయ్యేసుకుని అడుక్కోవాలి. మేడ ఆసామిని నిలదీసే ముందు మన బకాయి కట్టేసి రసీదు జేబులో పెట్టుకుని పోదాం.

చివరిగా ఆ అక్కకు జవాబు. లేదక్కా, నీ ఒంటి గదికి పెంచనియ్యం. నీ ఖాతాలో పట్టుకున్న 2,000 ఎందుకు పట్టుకున్నారో, ఆ డబ్బుతో మన బడిలో ఏం చేసినారో వచ్చే గ్రామసభలో నువ్వే లేచి అడుగు. ఈసారి నేలమీద కాదు. ముందు వరుసలో కుర్చీ లాక్కుని కూచో. నీ పక్కన మేమందరం కూచుంటాం.

జై భీమ్!