పాతబస్తీ నుంచి జెడ్డా ఎన్ని గంటలు?

శంషాబాద్ విమానాశ్రయం నుంచి జెడ్డాకు భూగోళం మీద అతి దగ్గరి దారిన కొలిస్తే సుమారు 4,100 కిలోమీటర్లు. మధ్యలో ఎక్కడా దిగని విమానానికి అయిదున్నర గంటలు, ఒక్కోసారి ఆరు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణం సాధారణంగా కాస్త తక్కువ. భూమి తిరగడమే దీనికి కారణమన్న మాట తప్పు. భూమితోపాటు వాతావరణమూ తిరుగుతుంది. అసలు కారణం పైగాలి. ముఖ్యంగా చలికాలంలో చాలా ఎత్తున పడమటి నుంచి బలంగా వీచే గాలి వెళ్లేటప్పుడు ఎదురుగాలి, వచ్చేటప్పుడు వాలుగాలి.

పాతబస్తీకి అరబ్బు నేలతో బంధం విమానాల కంటే చాలా పాతది. నిజాం సైన్యంలో కొలువుకు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చినవారి వారసులే బార్కస్ ప్రాంతంలో నేటికీ ఉన్నారు. బ్యారక్స్ అన్న మాటే బార్కస్ అయింది. అప్పట్లో హజ్‌కు వెళ్లాలంటే రైల్లో బొంబాయి చేరి, ఓడలో వారానికి పైగా సముద్రం మీద గడపాలి. బొంబాయి-జెడ్డా హజ్ ఓడ 1995లో ఆగిపోయింది.

ఇప్పుడు తికమక పెట్టేది గడియారం. సౌదీ సమయం మనకంటే రెండున్నర గంటలు వెనుక. టికెట్ మీద ఏ ఊరి సమయం ఆ ఊరిదే ఉంటుంది. తెల్లవారుజామున 4 గంటలకు ఇక్కడ బయల్దేరిన విమానం అయిదున్నర గంటలు ఎగిరి అక్కడి ఉదయం 7 గంటలకు దిగుతుంది. టికెట్ చూస్తే మూడు గంటల ప్రయాణమే అనిపిస్తుంది. రాత్రి 10కి జెడ్డాలో బయల్దేరి అయిదు గంటలు ఎగిరితే ఇక్కడ ఉదయం 5:30. టికెట్ మీద మాత్రం అది ఏడున్నర గంటలు. రంజాన్‌లో పగటిపూట పడమటికి వెళ్లేవారికి ఉపవాసం కూడా సాగుతుంది. హైదరాబాద్‌లో ఇఫ్తార్ వేళ అయినా, విమానంలో ఉన్నవారికి సూర్యుడు అస్తమించేదాకా రోజా విడిచే సమయం రాదు.

నేరుగా మక్కాకు వెళ్లే యాత్రికులకు ఇంకో లెక్క ఉంది. జెడ్డాలో దిగకముందే, యాత్ర దీక్ష మొదలుపెట్టాల్సిన మీఖాత్ హద్దు ఆకాశంలోనే దాటిపోతుంది. ఆ లోపే ఇహ్రాం అనే ఆ దీక్షలో ఉండాలి. విమానం ఇరుకులో బట్టలు మార్చుకోవడం పెద్దవయసు వారికి కష్టం కనుక చాలామంది ఇహ్రాం బట్టలు ఇక్కడే ధరించి ఎక్కుతారు. ముందు మదీనాకు వెళ్లేవారికి ఈ తొందర లేదు.

ఇక ఇంటి నుంచి లెక్క. చార్మినార్ నుంచి శంషాబాద్ ఇరవై కిలోమీటర్ల దూరమే అయినా, విదేశీ విమానానికి మూడు గంటల ముందే చేరాలి. అక్కడ దిగాక ఇమ్మిగ్రేషన్, సామాను, మక్కాకు మరో 80 కిలోమీటర్లకు పైగా రోడ్డు. అయిదున్నర గంటల ప్రయాణం అనుకున్నది పన్నెండు గంటలు దాటవచ్చు. మందులు వేసుకునే పెద్దలను పంపేవారు టికెట్ మీది సమయం కాకుండా ఈ మొత్తం గంటలు లెక్కగట్టి, ఆ వేళల మందులను చేతిసంచిలోనే పెట్టాలి.