సర్టిఫికెట్ వద్దు, శబ్దం వినిపించమనండి

పేరెంట్స్ మీటింగుల్లో ఈ మధ్య ఎక్కువగా వినపడుతున్న ప్రశ్న, "సార్, మా వాడికి కోడింగ్ ఎక్కడ నేర్పించమంటారు?" ఏలూరులోనూ ఇదే, తాడేపల్లిగూడెంలోనూ ఇదే. వేరే కోర్సుకు మళ్ళీ ఫీజు కట్టడానికీ మీరు సిద్ధమే. నా సలహా మాత్రం వేరు. ఆన్‌లైన్ క్లాసుల రోజుల్లో కొని, ఇప్పుడు బీరువా మీద పెట్టేసిన పాత ల్యాప్‌టాప్ దించండి. పైథాన్ ఉచితంగా దొరుకుతుంది. దానితో మీ పిల్లల చేత ఒక శబ్దం తయారు చేయించండి. పాట డౌన్‌లోడ్ చేయడం కాదు, శబ్దాన్నే అంకెలతో పుట్టించడం.

కంప్యూటరుకు శబ్దమంటే అంకెల వరుస. సీడీ నాణ్యతకు సెకనుకు 44,100 అంకెలు. 1957లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో మ్యాక్స్ మాథ్యూస్ ఇలా ఒక చిన్న బాణీ పలికించడానికి గదినిండా ఉండే కంప్యూటరు కావలసి వచ్చింది. ఇప్పుడు మీ ఇంట్లోది చాలు.

ముందు మీటిన తీగతో మొదలుపెట్టమనండి. 1983లో కెవిన్ కార్‌ప్లస్, అలెక్స్ స్ట్రాంగ్ ప్రచురించిన పద్ధతికి కావలసింది సగటు లెక్క ఒక్కటే. మైనస్ 1కీ 1కీ మధ్య ఏవో 200 అంకెలు వరుసగా తీసుకోవాలి. మొదటి అంకెను శబ్దంగా బయటికి పంపాలి. దానికీ పక్కదానికీ సగటు కట్టి వరుస చివర చేర్చాలి. అదే పని వేలసార్లు. బర్రుమనాల్సిన మోత కాస్తా తీగ మీటినట్టు ఖంగున మోగి, సన్నగా ఆరిపోతుంది. సెకనుకు సుమారు 220 కంపనాలు. 200 బదులు 100 అంకెలు పెడితే పై స్థాయిలో అదే స్వరం! ఎందుకలా అని పిల్లలే అడుగుతారు. త్రికోణమితి పాఠంలో ఆ ప్రశ్న నేను ఎప్పుడోగాని వినను.

"ర్యాంకుకు పనికొస్తుందా సార్?" అంటారు. వచ్చే వారం టెస్టులో ఒక్క మార్కూ పెరగదు. కానీ మన పిల్లలు జవాబు సరైనదో కాదో 'కీ' చూసి తెలుసుకోవడానికి అలవాటు పడిపోయారు. ఇక్కడ కీ ఉండదు, చెవే చెబుతుంది. మన టైమ్‌టేబుల్‌లో దీనికి పీరియడ్ లేదు, అందుకే ఇంటివైపు చూస్తున్నాను. ఆటలా కనిపిస్తే కనిపించనివ్వండి. విశాఖపట్నంలో బడి చదువు చదివిన సి.వి. రామన్ కూడా మృదంగం మీది నల్లటి పూత నాదానికి ఏం చేస్తుందో పట్టుకుని, 1920లో సహచరుడితో కలిసి 'నేచర్' పత్రికలో రాశారు.

తీగ అయ్యాక వీధిలోకి రండి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి వీధి చివరి ట్రాన్స్‌ఫార్మర్ 100 హెర్ట్జ్ దగ్గర గుమ్మంటుంది. పిల్లలు చేసిన సైన్ తరంగం దానితో కలుస్తుందేమో వినమనండి. కైకలూరు, ఆకివీడు వైపు కొల్లేరు ఊళ్ళ నుంచి వచ్చేవాళ్ళకు ఇంకా మంచి లెక్క ఉంది. రొయ్యల చెరువులో ఏరియేటర్ చప్పుడు. గజిబిజి అంకెలు, వాటి జోరు చక్రం తిరిగినట్టు పెరుగుతూ తగ్గుతూ ఉండాలి. నాన్నగారు విని "మన చెరువుదే" అంటే పాసయినట్టే.

ఆదివారం ఒక గంట చాలు. ఎన్ని లైన్లు రాశావని అడగకండి, వినిపించమనండి. హెడ్‌ఫోన్ పెట్టుకునే ముందు మాత్రం వాల్యూమ్ బాగా తగ్గించమని చెప్పండి. లెక్క తప్పినప్పుడు వచ్చే చప్పుడు చెవులకు మంచిది కాదు.