నోటీసు దశలోనే మేల్కొందాం

నూజివీడు పరిసరాల్లో చిన్న రసాలు, బంగినపల్లి, కలెక్టరు కాయల మీద బతికేవారందరూ తోటల యజమానులు కారు. పూతను చూసి తోటను గుత్తకు తీసుకునే చిన్న వ్యాపారి, కాయ కోసే కూలీ, లారీకెత్తే హమాలీ కూడా ఆ చెట్టునే నమ్ముకున్నారు. వీరిలో మన కుటుంబాలూ ఉన్నాయి. చాలామంది పేరున సెంటు భూమి లేదు. తోటల మీదుగా కాలువో, రహదారో, పరిశ్రమో వచ్చిన నాడు ముందుగా నష్టపోయేదీ, చివరగా గుర్తుకు వచ్చేదీ వీరే.

అభివృద్ధిని మనం కాదనడం లేదు. గోదావరి నీటిని నూజివీడు దాకా ఉన్న మెట్టకు తెచ్చే చింతలపూడి ఎత్తిపోతల పథకం మన బోరుబావులకు ఎంత అవసరమో చెప్పనక్కరలేదు. 2008లో 2 లక్షల ఎకరాలకు మంజూరైన ఆ పథకాన్ని 2016లో 4.8 లక్షల ఎకరాలకు విస్తరించారు. పర్యావరణ అనుమతుల ఉల్లంఘన కారణంగా 2021 డిసెంబరులో జాతీయ హరిత ట్రిబ్యునల్ దానిపై 73.6 కోట్ల రూపాయల పరిహారం విధించింది. వ్యాజ్యం సుప్రీంకోర్టుకు చేరింది. అనుమతి ప్రక్రియను దాటవేస్తే పని త్వరపడదనీ, కోర్టుల పాలవుతుందనీ ఇంతకంటె ఎవరు చెప్పాలి?

2006 సెప్టెంబరు 14 నాటి కేంద్ర ప్రకటన ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ అవసరమైన ప్రాజెక్టులకు కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో నోటీసు ఇవ్వాలి. నివేదిక సారాంశం స్థానిక భాషలోనూ అందుబాటులో ఉండాలి. కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి అధ్యక్షత వహించాలి. సభ ముగిసే ముందు అభిప్రాయాల సారాంశాన్ని ప్రజల భాషలో చదివి వినిపించాలి. లిఖితపూర్వకంగానూ అభ్యంతరాలు పంపవచ్చు. అయితే అన్ని ప్రాజెక్టులకూ ఈ సభ ఉండదు. సభకు కోరం నియమం కూడా లేదు. మనం వెళ్లకపోయినా సభ జరిగినట్లే లెక్క.

గుమాస్తాగా పనిచేసిన రోజుల్లో నోటీసు బోర్డు ముందు మనవారు నిలబడగా నేను చూసినది అరుదు. కాలువ తవ్విన తరువాత ఖబ్రస్తానుకు దారి పోయిందంటూ అర్జీలు వచ్చేవి. తవ్వకముందు వచ్చిన అభ్యంతరానికి ఫైలులో సమాధానం రాయక తప్పదు. తవ్విన తరువాత వచ్చిన అర్జీకి సానుభూతి మాత్రమే దక్కుతుంది.

2013 నాటి భూసేకరణ చట్టం, భూమి లేకున్నా సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ ప్రాంతంలో పనిచేస్తూ దానిపైనే ప్రధానంగా జీవించే కూలీ, కౌలుదారు కుటుంబాలను కూడా బాధిత కుటుంబాలుగా గుర్తించింది. వక్ఫ్ భూమి సేకరణలో పడితే, అవార్డు ప్రకటించకముందే బోర్డుకు తెలియజేయాలని వక్ఫ్ చట్టం 91వ సెక్షను చెబుతోంది. ఈ హక్కులు కాగితం మీద ఉన్నాయి. గుత్త రసీదు, కూలీ లెక్క, ఖబ్రస్తాను సర్వే నంబరు చేతిలో లేనివారికి అవి అక్కరకు రావు.

ప్రభుత్వానికీ బాధ్యత ఉంది. శుక్రవారం జుమా వేళ సభ పెట్టి, ముస్లిములు రాలేదనడం న్యాయం కాదు. స్త్రీలు మాట్లాడే వీలు కల్పించాలి. 2020లో పర్యావరణ ప్రకటన ముసాయిదాను ఎనిమిదవ షెడ్యూలులోని భాషలన్నింటిలోకి అనువదించమని ఢిల్లీ హైకోర్టు ఆదేశించింది. అర్థంకాని భాషలో అడిగిన అభిప్రాయం అభిప్రాయం కాదన్నదే అందులోని నీతి.

ప్రశ్నిస్తే అభివృద్ధి నిరోధకులన్న ముద్ర పడుతుందని మనవారిలో జంకు ఉంది. చట్టం పిలిచిన సభకు వెళ్లడం నేరం కాదు. పొరుగు హిందూ రైతుకూ మనకూ నీరు, దారి, చెట్టు ఒక్కటే. ఇద్దరం కలిసి వెళ్తే ఆ ముద్ర వేయడం ఎవరికీ సులభం కాదు.

ప్రతి మస్జిదు కమిటీ చదువుకున్న ఒక యువకునికో యువతికో ఈ పని అప్పగించాలి. వారానికొకసారి పంచాయతీ, తహసీల్దారు కార్యాలయాల నోటీసులు చూడాలి. అవసరమైనది జుమా తరువాత ప్రకటించాలి. నాటిన చెట్టు ఫలాన్ని మనిషి తిన్నా, పక్షి తిన్నా అది నాటినవానికి సదఖాయేనని దైవప్రవక్త (స) బోధించారు. ఆ చెట్టు కోసం ఒక పూట సభలో కూర్చోవడం మనకు బరువా?