జాబితాలో మొదటి పేరు

1963 ఆగస్టులో అమెరికా పశ్చిమ తీరాన ఓక్లండు నగరంలో ఒక ఇంట కొందరు మిత్రులు సమావేశమయ్యారు. వారు కూర్చబోతున్నవి 8 ఫుట్‌బాల్ జట్లు. ఒక్కొక్క జట్టుకు 20 మంది ఆటగాళ్లు. ఆ ఆటగాళ్లలో ఒక్కరూ ఆ గదిలో లేరు. తమను ఎవరో ఏరుకుంటున్నారన్న సంగతి కూడా వారికి తెలియదు. మొదటి వంతు ఆండీ మౌసాలిమస్‌కు వచ్చింది. దేశంలోని ఏ ఆటగాడి పేరైనా పిలిచే అవకాశం ఆ క్షణంలో అతనికి ఉన్నది. అతడు పిలిచిన పేరు జార్జి బ్లాండా.

అప్పటికి జిమ్ బ్రౌన్ పేరు ఇంకా మిగిలే ఉన్నది. ఆ యేడు బ్రౌన్ 1,863 గజాలు పరుగెత్తి అప్పటివరకు ఎవరూ అందుకోని సంఖ్యను అందుకున్నాడు. 15 టచ్‌డౌన్లు సాధించాడు. బ్లాండా 24 టచ్‌డౌన్లకు బంతి విసిరాడు గాని, 25 సార్లు ఆ బంతిని ప్రత్యర్థుల చేతిలో పెట్టాడు. ఎవరిని పిలిచి ఉండవలసింది? అరవై యేళ్లు దాటిన తరువాత కూడా ఏటా ఆగస్టు నెలలో లక్షలాది అమెరికనులు ఇదే ప్రశ్నను వేర్వేరు పేర్లతో వేసుకుంటూ ఉంటారు. వారి చేతుల్లో ఇప్పుడు జాబితాలున్నాయి. ఆనాడు మౌసాలిమస్ చేతిలో ఉన్నది జ్ఞాపకశక్తి ఒక్కటే.

అమెరికనులు ఫుట్‌బాల్ అని పిలిచే ఆటలో కాలికి పని తక్కువ. కోడిగుడ్డును సాగదీసినట్లుండే బంతిని చేత్తో విసురుతారు, అందుకుంటారు, చంకన పెట్టుకుని పరుగెత్తుతారు. విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్, పరుగెత్తేవాడు రన్నింగ్ బ్యాక్, అందుకునేవాడు రిసీవర్. బంతితో అవతలి గీత దాటితే టచ్‌డౌన్. ఫాంటసీ ఫుట్‌బాల్ అంటే ఈ ఆటగాళ్లతో కాగితం మీద సొంత జట్టు కట్టుకోవడం. ప్రతి వారం మైదానంలో వారు నిజంగా సాధించిన దానికి లెక్క ప్రకారం మార్కులు వేసుకుంటారు. ఎవరి జట్టుకు ఎక్కువ వస్తే వారిది గెలుపు.

ఈ వినోదం పుట్టిన సందర్భం అంత ఉల్లాసకరమైనది కాదు. 1962లో ఓక్లండు రైడర్సు జట్టు ఆడిన 14 ఆటల్లో 13 ఓడిపోయింది. ఆ జట్టు తూర్పు తీరంలో పర్యటిస్తుండగా, అందులో భాగస్వామి అయిన విల్‌ఫ్రెడ్ వింకెన్‌బాక్, జట్టు ప్రచార వ్యవహారాలు చూసే బిల్ టన్నెల్, ఓక్లండు ట్రిబ్యూన్ పత్రికకు చెందిన స్కాటీ స్టర్లింగ్ కలిసి న్యూయార్కులోని ఒక హోటలులో కొత్త పోటీకి నియమావళిని అల్లారు. తమ జట్టు గెలవనప్పుడు ఊహా జట్టయినా గెలవాలి గదా! 1969లో మౌసాలిమస్ ఈ పోటీని ఓక్లండులోని తన పానశాలకు తెచ్చాడు. అక్కడినుండి అది ఊరు దాటింది.

పోటీకి ప్రాణం ఆటగాళ్లను పంచుకునే రోజు. దానిని డ్రాఫ్టు అంటారు. చెడుగుడు ఆడబోయే పిల్లలు ఇద్దరు నాయకులను నిలబెట్టి వంతులవారీగా ఒక్కొక్కరిని ఏరుకున్నట్లే ఇదీను. ఒకరు పిలిచిన ఆటగాడు మరొకరికి దక్కడు. మన దేశంలో ఐ.పి.ఎల్. వేలంలో డబ్బున్నవాడు ఎవరినైనా పాడుకోవచ్చు. డ్రాఫ్టులో డబ్బుకు చోటు లేదు. వంతు వచ్చేదాకా నోరు మూసుకుని కూర్చోవలసిందే. పన్నెండు జట్ల పోటీలో వంతులు పాములాగా మెలిక తిరుగుతాయి. మొదటి చుట్టులో ఒకటి నుండి పన్నెండు వరకు, రెండవ చుట్టులో పన్నెండు నుండి ఒకటి వరకు. కనుక మొట్టమొదటి పేరు పిలిచినవాడు మళ్లీ నోరు తెరిచేది 24వ వంతులో. ఈలోగా 22 మంది వెళ్లిపోతారు.

ఆ నిరీక్షణలో చేతికి ఊతమిచ్చేది జాబితా. సియాటిల్ నగరంనుండి 1987లో వెలువడిన ‘ఫాంటసీ ఫుట్‌బాల్ ఇండెక్స్’ వంటి పత్రికలు ఆటగాళ్లకు వరుస సంఖ్యలిచ్చి అచ్చువేయడం మొదలుపెట్టాక, ఆట తెలియనివాడు కూడా ధైర్యంగా బల్ల దగ్గర కూర్చోగలిగాడు. చిక్కు కూడా అక్కడే వచ్చింది. జాబితాను పైనుండి కిందికి చదువుతూ, మిగిలినవారిలో మొదటి పేరు పిలవడమే తెలివి అని చాలామంది అనుకున్నారు.

అది ఎందుకు చాలదో చెప్పడానికి ఒక ఊహా లెక్క వేసి చూడవచ్చు. ఒక సీజనులో మొదటి క్వార్టర్‌బ్యాక్ 360 మార్కులు తెస్తాడని, పన్నెండవ క్వార్టర్‌బ్యాక్ 290 తెస్తాడని అనుకుందాం. మొదటి రన్నింగ్ బ్యాక్ 300, ఇరవైనాల్గవ రన్నింగ్ బ్యాక్ 150 తెస్తారనుకుందాం. మార్కుల ప్రకారం 360 పెద్దది. కాని ప్రతి జట్టుకూ కావలసింది ఒక్క క్వార్టర్‌బ్యాకే. అందరికంటె ఆలస్యంగా ఎంచుకున్నవాడికి కూడా 290 మార్కులవాడు దొరుకుతాడు. నష్టం 70. రన్నింగ్ బ్యాకులు జట్టుకు ఇద్దరు కావాలి; పన్నెండు జట్లు 24 మందిని తీసుకుపోతాయి. అక్కడ ఆలస్యం చేసినవాడికి నష్టం 150. కాబట్టి మొదట పిలవవలసినది 300 మార్కులవాణ్ణి. ఆటగాడి విలువ అతడు తెచ్చే మార్కుల్లో కాక, అదే స్థానంలో చివరకు మిగిలేవాడికంటె ఎంత ఎక్కువ తెస్తాడన్న దానిలో ఉన్నది. ఈ లెక్కను 1990లలో జో బ్రయంట్ అనే ఆయన పద్ధతిగా రూపొందించి ప్రచారంలోకి తెచ్చాడు. కూరగాయల బజారులో నాలుగు తిరుగుళ్లు తిరిగిన గృహిణికి ఇది కొత్త సంగతి కాదు. సాయంత్రం వరకూ దొరికే వంకాయలను వదలి, పది గంటలకే అయిపోయే చుక్కకూర దగ్గరకు ఆమె ముందు వెళ్తుంది.

ఇక నియమాల సంగతి. సాధారణంగా పరుగెత్తి గాని, బంతి అందుకొని గాని పది గజాలు సాధిస్తే ఒక మార్కు, టచ్‌డౌనుకు ఆరు. విసిరేవాడికి ఇరవైఐదు గజాలకు ఒకటి, టచ్‌డౌనుకు నాలుగు. కొన్ని పోటీల్లో బంతి అందుకున్న ప్రతిసారీ మరో మార్కు అదనం. 2021లో లాస్ ఏంజెలిస్ రామ్స్ రిసీవర్ కూపర్ కప్ 145 సార్లు బంతి అందుకున్నాడు. అంటే అదే మనిషి, అదే ఆట, రెండు పోటీల మధ్య 145 మార్కుల తేడా! తన పోటీ నియమాలేమిటో చూసుకోకుండా ఎవరో వేసిన జాబితాను నమ్మినవాడు వేరే ఊరి రైళ్ల పట్టిక చేతపట్టుకుని స్టేషనుకు వెళ్లినట్లే. బ్లాండానా, బ్రౌనా అన్న ప్రశ్నకు సగం జవాబు అక్కడే ఉన్నది. విసిరిన టచ్‌డౌనుకు ఎంత, పరుగెత్తిన టచ్‌డౌనుకు ఎంత అన్నది తేలనిదే ఎవరు ముందో చెప్పలేం.

అనుభవజ్ఞులు జాబితాను అంకెలుగా చదవరు, మెట్లుగా చదువుతారు. నాలుగవవాడికీ ఐదవవాడికీ తేడా వెంట్రుకవాసి. ఐదవవాడికీ ఆరవవాడికీ మధ్య అగాధం. ఆ అగాధం దగ్గర పెన్సిలుతో అడ్డగీత గీస్తారు. అయిదవ వంతు దక్కినవాడికి తరువాతి వంతులు 20, 29. ఇరవైయవ వంతు వచ్చినప్పుడు జాబితాలో పైన ఒక రిసీవర్ పేరున్నది. కాని అదే మెట్టులో ఇంకా ఆరుగురు రిసీవర్లున్నారు. రన్నింగ్ బ్యాకుల మెట్టులో ఒక్కడే మిగిలాడు. మధ్యలో పోయేది ఎనిమిది మంది. ఆ ఎనిమిదిమందీ రిసీవర్ల మీదే పడరు. కాబట్టి ఆ ఒక్కడిని ముందు అందుకొని, రిసీవరును 29వ వంతుకు వదలడమే మేలు. ఎవరు ఏ వంతులో సగటున అమ్ముడుపోతున్నారో చెప్పే మరొక పట్టిక కూడా ఇప్పుడు దొరుకుతుంది. తన అంచనాలో ముందున్నవాడు లోకం దృష్టిలో వెనుక ఉంటే తొందరపడనక్కరలేదు. నిజానికి జాబితాల వల్ల ఈనాడు ఒరిగే లాభం ఇదే. అందరి చేతిలోనూ ఒకే పంచాంగం ఉన్నప్పుడు మంచి ముహూర్తం ఏ ఒక్కరి సొత్తూ కాదు. పక్కవాడు ఎప్పుడు బయలుదేరుతాడో తెలియడమే ప్రయోజనం.

ఇంత చేసినా జాబితా నిన్నటిది, ఆట రేపటిది. 1999 ఆగస్టు 28న ఒక సన్నాహక ఆటలో సెంట్ లూయిస్ రామ్స్ క్వార్టర్‌బ్యాక్ ట్రెంట్ గ్రీన్ మోకాలు దెబ్బతిన్నది. అతని స్థానంలో వచ్చిన కర్ట్ వార్నర్ కొన్నేళ్ల కిందట అయోవా రాష్ట్రంలో ఒక సరుకుల దుకాణంలో రాత్రిపూట అరలు సర్దిన మనిషి. ఆ సీజనులో అతడు 41 టచ్‌డౌన్లు విసిరి అత్యుత్తమ ఆటగాడిగా ఎంపికయ్యాడు; జట్టు సూపర్ బౌల్ గెలిచింది. వేసవిలో అచ్చయిన ఏ జాబితా మాత్రం అతణ్ణి ఊహించగలదు? 2007లో టామ్ బ్రాడీ 50 టచ్‌డౌన్లు విసిరాడు. మరుసటి యేడు ఎందరో అతణ్ణి ముందు వంతులలోనే పిలిచారు. 2008 సెప్టెంబరు 7న, సీజను మొదటి ఆట మొదటి భాగంలోనే, మోకాలు తెగి అతని సీజను ముగిసింది.

పేర్ల గొప్పతనం హైదరాబాదుకు కూడా ఒకసారి అక్కరకు రాలేదు. 2008 తొలి ఐ.పి.ఎల్. వేలంలో ధోనీ తరువాత అత్యధికంగా 13.5 లక్షల డాలర్లు పలికిన సైమండ్సు డెక్కన్ చార్జర్స్‌కే వచ్చాడు. గిల్‌క్రిస్టు, లక్ష్మణ్, గిబ్స్, అఫ్రిదీ కూడా ఆ జట్టువారే. ఎనిమిది జట్లలో అది ఎనిమిదవ స్థానంలో నిలిచింది. మరుసటి యేడు కప్పు గెలిచింది. మన దేశంలో డబ్బు పెట్టి ఆడే ఫాంటసీ క్రికెట్ కూడా కొన్నేళ్లు ఊరూరా పాకింది. అందులో డ్రాఫ్టు లేదు, ఒకే ఆటగాణ్ణి లక్షమంది ఎంచుకోవచ్చు. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో డబ్బు పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించగా, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది.

జాబితాలోని పేరు వెనుక ఒక దేహమున్నది. ఏరియన్ ఫోస్టరును 2009లో నిజమైన ఫుట్‌బాల్ డ్రాఫ్టులో ఏ జట్టూ పిలవలేదు. హ్యూస్టన్ జట్టు అతణ్ణి తరువాత విడిగా చేర్చుకుంది. 2010 సీజను మొదటి ఆటలోనే అతడు 231 గజాలు పరుగెత్తాడు. ఆ యేడు మొత్తం 1,616 గజాలతో లీగులో అందరినీ మించాడు. 2011 వేసవి వచ్చేసరికి ఊహా జట్ల జాబితాల్లో శిఖరం మీద నిలిచాడు. ఆగస్టులో అతని తొడ వెనుక కండరం పట్టేసింది. వార్త పొక్కగానే ప్రశ్నలు కుప్పలుగా వచ్చాయి. అతడెలా ఉన్నాడని కాదు, మొదటి వారం ఆడతాడా లేదా అని. తన ఆరోగ్యంకంటె తమ ఊహా జట్ల గురించే బెంగపెట్టుకున్నవారికి మతి చెడిందని ఫోస్టర్ బహిరంగంగా రాశాడు. కొందరు నొచ్చుకున్నారు. కొందరు నవ్వుకున్నారు. కొందరు ఆ పూటే అతని పేరును పెన్సిలుతో రెండు మెట్లు కిందికి దించుకున్నారు. ఆ సీజనులో అతడు 13 ఆటలే ఆడి 1,224 గజాలు పరుగెత్తాడు.

మౌసాలిమస్ పిలిచిన బ్లాండా 1967లో ఓక్లండు రైడర్సు జట్టులోనే చేరాడు. 1970లో అతనికి 43 ఏళ్లు. ప్రధాన క్వార్టర్‌బ్యాకు వెనుక అదనపు ఆటగాడిగా, గోలు తన్నేవాడిగా కూర్చున్నాడు. ఆ శరదృతువులో వరుసగా ఐదు ఆటల్లో అతని చేయో కాలో జట్టును గెలిపించింది, లేదా ఓటమి తప్పించింది. ఆ తరువాత మరో ఐదు సీజన్లు ఆడి, 48వ ఏట బూట్లు విప్పాడు.