అమ్మకి ఏ కూర ఇష్టం?

మొన్న మా అమ్మాయి స్కూలు నోటుపుస్తకం తిరగేస్తుంటే ఒక పేజీ కంటపడింది. ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో రాసుకు రమ్మన్నారట. నాన్నకి గుత్తి వంకాయ, అన్నయ్యకి బంగాళాదుంప వేపుడు, తనకి బెండకాయ. అమ్మకీ, నాయనమ్మకీ ఎదురుగా మాత్రం ‘ఏదైనా’ అని రాసింది. ‘‘ఇదేమిటే?’’ అన్నాను. ‘‘మీరిద్దరూ అన్నీ తింటారుగా అమ్మా!’’ అంది. పిల్ల రాసిందాంట్లో తప్పేం లేదు. అయినా ఆ మాట ఆ రోజంతా నన్ను వదల్లేదు.

నిజానికి నాకూ ఒక ఇష్టమైన కూర ఉంది. బెంగుళూరు వంకాయ. నవ్వకండి! లేతాకుపచ్చగా, జామకాయకన్నా కాస్త పెద్దగా, ఒక చివర పళ్ళూడిన బామ్మగారి నోరులా ముడతలు పడి ఉంటుందే, అదే.

పేరుకే వంకాయ గానీ దీనికి వంకాయతో ఏ చుట్టరికమూ లేదు. సొర, బీర, దోస, గుమ్మడి దీని బంధువులు. పుట్టిల్లు బెంగుళూరూ కాదు, ఎక్కడో మెక్సికో, మధ్య అమెరికా ప్రాంతం. కన్నడం వాళ్ళు సీమె బదనెకాయి అంటారు, తమిళులు చౌచౌ అంటారు. మనకి అటునుంచి వచ్చింది కాబట్టి కాబోలు మనం బెంగుళూరు పేరు తగిలించాం. కొత్త కోడల్ని పేరు పెట్టి పిలవకుండా పుట్టింటి ఊరు పేరుతో పిలిచినట్టు.

ఇందులో నూటికి తొంభై పాళ్ళకు పైగా నీరే. వంద గ్రాములు తింటే ఇరవై కేలరీలు కూడా రావు. ఫోలేట్ మాత్రం బాగా ఉంటుంది. ఘాటూ వాసనా లేని కాయ కదా, మనవాళ్ళు పత్యం కూర కింద జమకట్టేశారు. డార్జిలింగు, సిక్కిం కొండల్లో వాళ్ళయితే దీన్ని ఇస్కుస్ అంటారు. కాయే కాదు, లేత తీగ చివళ్ళు ఆకుకూరలా వండుకుంటారు, దుంప కూడా వదలరు.

మా అమ్మ దీన్ని చిన్న ముక్కలు తరిగి, నానిన పెసరపప్పు వేసి మగ్గబెట్టి, అల్లం పచ్చిమిర్చి ముద్దా, పచ్చికొబ్బరి కోరూ కలిపి ఇంగువ తాలింపు పెట్టేది. చెక్కు తీసేటప్పుడు జిగురు కారి వేళ్ళు పట్టేసినట్టవుతాయని చేతికి కాస్త నూనె రాసుకునేది. ఆ చెక్కు కూడా పారేసేది కాదు. మినప్పప్పు, ఎండుమిరపకాయలతో వేయించి, చింతపండు వేసి పచ్చడి నూరేది. కాయకి గింజ ఒకటే. లేతదైతే అదీ కూరలోకే.

పెళ్ళయిన కొత్తలో ఒకసారి వండితే, ‘‘ఎవరికైనా జ్వరమా?’’ అన్నారు మావారు. ఆ తర్వాత పిల్లలు ముక్కల్ని కంచం అంచుకి నెట్టేశారు. దాంతో తేవడం మానేశాను. రైతుబజారులో చెయ్యి అటు వెళ్ళినప్పుడల్లా, ‘‘అరకిలో తూచమంటావా అమ్మా?’’ అని కూరలావిడ అడగడం, ‘‘వద్దులేమ్మా, మా ఇంట్లో తినరు’’ అని నేననడం. ఎన్నేళ్ళు అన్నానో! ‘మా ఇంట్లో’ అన్నప్పుడు ఆ లెక్కలో నేను లేనా?

కిందటి నెల అందరూ పెళ్ళికి వెళ్తే, మేస్త్రీ పని ఉందని నేనొక్కదాన్నే ఉండిపోయాను. ఇదే అదనని రెండు కాయలు తెచ్చుకున్నాను. తీరా వంటింట్లోకి వెళ్ళాక ‘ఒక్కదానికి కూరేమిటి’ అనిపించింది. మూడు రోజులూ ఆవకాయా మజ్జిగన్నంతో సరిపెట్టేశాను. వద్దనడానికి ఎవరూ లేరు. నాకు నేనే అడ్డు! బుట్టలో మరిచిపోయిన ఆ కాయల్లో ఒకటి కొన్నాళ్ళకి మొలకెత్తింది. దీని గింజ కాయలో ఉండగానే మొలుస్తుంది, కాయని అలాగే నాటాలి. పెరట్లో నాటాను, మా ఎండలకి తట్టుకుంటుందో లేదో.

నోటుపుస్తకం చూసిన ఆదివారం మాత్రం అరకిలో తెచ్చి, అమ్మ చేసినట్టే వండి అందరికీ వడ్డించాను. ‘‘ఈ పూట నాకిష్టమైన కూర’’ అన్నాను. మావారు మాట్లాడకుండా తిన్నారు. అబ్బాయి కాస్త మొహం చిట్లించాడు. మా అత్తగారు మాత్రం రెండోసారి వేయించుకుని, ‘‘ఎన్నేళ్ళయిందమ్మాయ్ ఇది తిని! నీకు ఇష్టం లేదేమోనని అడగలేదు’’ అన్నారు.

ఒకే వంటింట్లో ఇన్నేళ్ళుగా ఇద్దరం ఒకే కూర మీద ఆశ దాచుకున్నామన్నమాట! ఇంట్లో వాళ్ళు అడగలేదని నిష్ఠూరం ఎందుకు, మనం చెప్పిందెప్పుడు? అందరి ఇష్టాలూ కాదని రోజూ మన పంతమే నెగ్గించుకోమనడం లేదు. వారానికొక పూట మన ఇష్టం కూడా పొయ్యెక్కితే చాలు. ‘అన్నీ తినే అమ్మ’ని చూస్తూ పెరిగిన ఆడపిల్ల రేపు తనూ ‘ఏదైనా’ అనే అంటుంది. మగపిల్లాడు తన ఇంట్లో ఇల్లాలినీ అడగడు.

ఇంతకీ మీ పిల్లల పుస్తకంలో మీ పేరుకి ఎదురుగా ఏం రాసి ఉంటుందంటారు?