టన్నుల లెక్కలో కూలి మనిషి ఎక్కడ?

దానం ఎక్కడ చేస్తే ఎక్కువ ఫలితం వస్తుందో లెక్కగట్టి చెప్పడం ఇప్పుడొక వుద్యోగం. వినడానికి విడ్డూరంగా వుంటుంది గాని నిజం. లండన్‌లో 2015లో మొదలైన ఫౌండర్స్ ప్లెడ్జ్ అనే సంస్థ వుంది. కంపెనీలు పెట్టినవాళ్లు, రేపు వాటిని అమ్ముకున్నప్పుడు వచ్చే సొమ్ములో ఇంత భాగం దానం చేస్తామని అక్కడ ముందుగానే రాసిస్తారు. ఆ సొమ్ము ఎవరికివ్వాలో చెప్పడానికి ఆ సంస్థ పరిశోధకులను పెట్టుకుంది. వాళ్లలో కొందరికి అప్పజెప్పిన పని కేవలం వాతావరణ మార్పు. భూమి వేడెక్కకుండా ఆపడానికి పనిచేస్తున్నామనే సంస్థలు వందలున్నాయి. వాటిలో ఎవరికి ఒక డాలరు ఇస్తే ఎక్కువ టన్నుల బొగ్గుపులుసు వాయువు తగ్గుతుంది? ఇదీ వాళ్ల ప్రశ్న. అమెరికాలో 2019లో పుట్టిన గివింగ్ గ్రీన్ కూడా ఇదే పని చేస్తున్నది.

మా సంఘం మీటింగులో ఈ సంగతి చెబితే ఒక అక్క, ‘‘అంటే దానమిచ్చే దొరకు గుమాస్తా అన్నమాట’’ అంది. అందరం నవ్వాం. కాని నవ్వి వదిలేసే విషయం కాదిది. ఆ గుమాస్తా రాసే పద్దుల్లో మన వరి పొలాలు కూడా వున్నాయి, మన నాట్లు వున్నాయి, మన ఎండలు వున్నాయి. ఆ పద్దు ఎలా రాస్తారో కూలి జనం తెలుసుకోవాలి.

ముందు వాళ్లు చేసే మంచి పని చెప్పుకుందాం. మామూలు దాత ఏం చేస్తాడు? నాలుగు మొక్కలు నాటించి, ఫోటో దిగి, పోతాడు. మొక్క బతికిందో లేదో మళ్లీ చూసేవాడుండడు. ఈ పరిశోధకులు అలాంటి దానాన్ని ఒప్పుకోరు. సమస్య ఎంత పెద్దది, డబ్బు పెడితే కదులుతుందా, ఇప్పటికే అందరూ డబ్బు కుమ్మరిస్తున్న చోటా లేక ఎవరూ పట్టించుకోని చోటా? ఈ మూడూ అడిగిన తర్వాతే సలహా ఇస్తారు. అసలు ప్రపంచంలో దాతలు ఏటా ఇచ్చే సొమ్ములో వాతావరణ మార్పును అరికట్టే పనికి పోయేది 2 శాతం లోపేనని క్లైమేట్‌వర్క్స్ ఫౌండేషన్ అంచనా. ఆ కాస్త డబ్బు కూడా గుంపు ఎక్కడుంటే అక్కడికే పోతే లాభమేమిటని వాళ్లడుగుతారు. సరైన ప్రశ్నే.

అందుకే 2018లో ఫౌండర్స్ ప్లెడ్జ్ క్లీన్ ఎయిర్ టాస్క్ ఫోర్స్ అనే అమెరికా సంస్థను ఎంచుకుంది. 1996లో బొగ్గు కరెంటు ఫ్యాక్టరీల పొగ మీద పోరాటంగా మొదలైన సంస్థ అది. మొక్కలు నాటదు, స్టవ్వులు పంచదు. చట్టాలు, నిబంధనలు మార్చడానికి పనిచేస్తుంది. అలా చేస్తే ఒక టన్ను వాయువును డాలరుకు అటూ ఇటూగా ఆపవచ్చని ఆనాటి పరిశోధకులు లెక్క తేల్చారు. ఒక చట్టం మారితే లక్ష మొక్కల పని జరుగుతుందన్నమాట. సంఘం పెట్టి కూలి రేటు పెంచిన వాళ్లకు ఈ మాట కొత్తగా వుండదు. వూళ్లో ఒక కుటుంబానికి బియ్యం ఇవ్వడం వేరు, కనీస వేతనం జీవో తెప్పించడం వేరు.

సోలార్ సంగతే తీసుకుందాం. 2000లో జర్మనీ ఒక చట్టం చేసింది. సూర్యుడి కరెంటును ఎక్కువ ధరకు కొనాలి, ఆ భారం కరెంటు వాడుకునే జనం మీద అదనపు ఛార్జీగా పడుతుంది. 2022 దాకా అక్కడి సామాన్యులు ఆ ఛార్జీ కట్టారు. గిరాకీ పుట్టింది, చైనాలో ఫ్యాక్టరీలు పెరిగాయి, 2010 తర్వాత పదేళ్లలో పలకల ధర సుమారు 90 శాతం పడిపోయింది. జర్మనీ తన దేశంలో తగ్గించిన పొగకంటే, ధర పడిపోవడం వల్ల మిగతా ప్రపంచంలో తగ్గే పొగ ఎన్నోరెట్లు ఎక్కువ. ఈ పరిశోధకులు పదే పదే చూపే వుదాహరణ ఇది. మేమూ కాదనం. ఆ చౌక పలకలే 2017లో మన కర్నూలు జిల్లా ఓర్వకల్లు దగ్గర వెయ్యి మెగావాట్ల పార్కుగా వచ్చాయి. సుమారు ఆరు వేల ఎకరాలు.

అయితే సోలార్ పార్కు ఎక్కడ వచ్చినా పట్టా వున్నవాడికి ఎంతో కొంత ముడుతుంది. ఆ చేలో కలుపు తీసి బతికిన మనిషికి? 2013 భూసేకరణ చట్టం కూలి కుటుంబాన్ని కూడా బాధిత కుటుంబంగానే రాసింది. కౌలుకనో, నేరుగా కొనుగోలనో, ప్రభుత్వ భూమి అనో ఆ చట్టాన్ని తప్పించుకునే దారులు చాలా వున్నాయి. టన్నుల పద్దులో ఇది ఖర్చుగా ఎక్కడా పడదు.

వరి దగ్గరికొస్తే ఈ లోపం ఇంకా బాగా కనబడుతుంది. నీళ్లు నిలవ వున్న మడిలో, గాలి ఆడని మట్టిలో సూక్ష్మజీవులు మిథేన్ పుట్టిస్తాయి. ఇరవై ఏళ్ల లెక్కన చూస్తే అది బొగ్గుపులుసు వాయువుకంటే సుమారు 80 రెట్లు ఎక్కువ వేడి పుట్టిస్తుంది. కాబట్టి మడిని తడిపి ఆరబెట్టండి, నారు పోయకుండా నేరుగా విత్తండి అంటున్నారు. శాస్త్రం మీద మాకు పేచీ లేదు. నీళ్లు కూడా మిగులుతాయి. కాని వెదసాగు అంటే ఏమిటి? దమ్ము లేదు, నారుమడి లేదు, నాట్లు లేవు. కలుపు ఎక్కువ వస్తుంది, దానికి మందు కొడతారు. ఎకరాకు ఇంతని గుత్తకు మాట్లాడుకుని, ముఠా కట్టి, వర్షంలో నడుం వంచి నాటే ఆడకూలీల పని రోజులు అంతటితో సరి. రైతుకు ఖర్చు మిగిలింది, కంపెనీకి కార్బన్ పత్రం మిగిలింది, దాతకు టన్ను మిగిలింది. నాటు కూలి మాత్రం పోయింది.

పత్రాల సంగతి కూడా చూశాం. చైనాలో వరి మిథేన్ తగ్గించామని నమోదు చేసిన 37 ప్రాజెక్టులను 2024 ఆగస్టులో వెర్రా సంస్థ చెల్లవని తిరస్కరించింది. కార్బన్ పత్రాలకు ముద్ర వేసే సంస్థ అదే. ముందు తానే ముద్ర వేసి, తర్వాత తానే కొట్టేసింది. మన అరకులో 2010 తర్వాత నాంది సంస్థ, ఫ్రాన్సు కంపెనీల లైవ్లీహుడ్స్ నిధితో లక్షల చెట్లు నాటించింది. ఆదివాసులకు కాఫీ, పండ్లు వచ్చాయి, అది మంచిదే. ఆ చెట్లు పీల్చిన వాయువు జమ మాత్రం ఆ కంపెనీల ఖాతాకు పోతుంది. వాళ్ల పొగ అక్కడే వుంటుంది.

ఇక ఎండ. 2015 మే నెల మనం మరచిపోలేదు. ఆ వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు చనిపోయినవాళ్లు ప్రభుత్వ లెక్కల ప్రకారమే దాదాపు రెండు వేలు. పోయినవాళ్లలో ఎక్కువమంది ముసలివాళ్లు, ఎండలో పనిచేసేవాళ్లు. పరిశోధకుల మూడు ప్రశ్నలూ ఇక్కడ అడిగి చూడండి. సమస్య పెద్దదే. డబ్బుతో కదిలేదే, నీడ, నీళ్లు, పని వేళల మార్పు, పోయిన కూలికి పరిహారం ఇస్తే చాలు. ఎవరూ పట్టించుకోనిదే. వాళ్ల సొంత గీటురాయి మీదే ఈ పని నిలబడుతుంది. అయినా జాబితాలో పైకి రాదు, ఎందుకంటే ఇక్కడ తగ్గేది టన్ను కాదు, చావు.

ఈ పనికి దాతల డబ్బు అసలు రాలేదనలేం. ఇలా భట్ 1972లో అహ్మదాబాదులో పెట్టిన సేవా సంఘం, విదేశీ దాతల సాయంతో 2023లో గుజరాత్‌లో 21 వేల మంది మహిళలకు ఎండ బీమా పెట్టింది. ఇంత డిగ్రీలు దాటితే డబ్బు ఇస్తామని గీత గీశారు. ఆ ఏడాది ఎండ ఆ గీత దాకా రాలేదన్నారు, డబ్బు రాలేదు. 2024లో పద్ధతి మార్చారు. మూడు రాష్ట్రాల్లో సుమారు 50 వేల మంది మహిళలు తలా 250 రూపాయలు కట్టారు, 40 డిగ్రీలు దాటాక 400 రూపాయలు చేతికొచ్చాయి. కొందరికి ఆపైన బీమా సొమ్ము కూడా వచ్చింది. నాలుగు వందలంటే పని మానుకుని ఒక పూట నీడలో కూర్చోగల ధైర్యం. దాన్ని తక్కువ చేసి మాట్లాడం. కాని గీత ఎక్కడ గీయాలో ఎండలో నిలబడినవాళ్లు చెప్పారా, బీమా లెక్కలవాళ్లు చెప్పారా అన్నది అడగాల్సిందే. మొదటి ఏడాది ఏమైందో చూశాం కదా.

పోనీ, లెక్క బాగుచేశారు, టన్నుతో పాటు మనిషినీ చేర్చారు అనుకుందాం. అప్పుడైనా ఆ డబ్బు ఎవరిది? ఇచ్చేవాడి ఇష్టం మీద నిలిచినది. బిల్ గేట్స్ 2015లో పెట్టిన బ్రేక్‌త్రూ ఎనర్జీ ఏళ్లతరబడి చట్టాల మార్పు కోసం పనిచేసే బృందాలను పోషించింది. 2025 మార్చిలో అమెరికాలో, ఐరోపాలో ఆ బృందాలను తీసేసింది. గాలి మారింది, దాత మారాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయన, వుష్ణోగ్రత ఒక్కటే కొలబద్ద కాకూడదు, పేదల బతుకులు బాగుపడ్డాయా అన్నది చూడాలని రాశాడు. మాట సగం మనదే. కాని ఆ మాట చెప్పే అధికారం ఒక్క మనిషి చేతిలో ఎలా వుంది? ఆ సంపద కూలి తగ్గించగా, పన్ను తప్పించగా పోగైన సొమ్మే. పరిశోధకుడు ఎంత నిజాయితీపరుడైనా ఈ ప్రశ్న వేయలేడు. వేస్తే అతని జీతమిచ్చేవాడికి నచ్చదు.

ఈ పక్కన మనకు వచ్చినవి చూద్దాం. వుపాధి హామీలో వేసవి నెలల్లో తక్కువ పని చేసినా పూర్తి కూలి ఇచ్చే వేసవి భత్యం వుమ్మడి రాష్ట్రంలో జీవోగా వచ్చింది. ఏ దాతా ఇచ్చింది కాదు. తర్వాత కేంద్రం సాఫ్ట్‌వేర్ పేరుతో అది చేజారింది, అది వేరే పోరాటం. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పును రాష్ట్ర విపత్తుగా ప్రకటించి, చనిపోయినవారి కుటుంబానికి 4 లక్షల రూపాయలు ఇస్తామంది. అంతకుముందు ఇచ్చేది 50 వేలు. అప్పటికి కేంద్రం విపత్తుల జాబితాలో వడగాడ్పే లేదు.

అయితే ఆ 4 లక్షలు రావాలంటే చావు వడదెబ్బ చావేనని తేలాలి. మన దగ్గర తహశీల్దారు, ఎస్సై, డాక్టరు కలిసి తేల్చే పద్ధతి నడిచింది. చేలో పడిపోయిన మనిషిని ఇంటికి తెచ్చుకుని, సాయంత్రానికి మట్టి చేసేసిన కుటుంబం ఏ కాగితం చూపగలదు? పోస్టుమార్టం వుండదు. గుండెపోటని రాసుకుని పోతారు. లెక్కలోకి రాని చావుకు పరిహారం లేదు, లెక్కలోకి రాని చావు పరిశోధకుడి పద్దులోకీ రాదు.

ఇక్కడ ఆ పరిశోధకులకు ఒక మాట చెబుతున్నాం. మీ దాతల డబ్బు మాకు పంచమనడం లేదు. ఏప్రిల్, మే నెలల్లో మండలంలో చేల మీద, పని కాడ జరిగే ప్రతి చావునూ రాసిపెట్టేవాడు ఒకడు కావాలి. ఆ రోజు ఎండ ఎంత, ఎన్ని గంటలు పని, నీళ్లున్నాయా, ఎవరి చేను. ఈ పని మా వాళ్లు కొందరు నోటు పుస్తకాల్లో చేస్తున్నారు, చార్జీలు వాళ్లే పెట్టుకుంటారు. ఈ వేసవికి ఆ పుస్తకాలు ప్రతి మండలంలో వుండాలని సంఘం అనుకుంటున్నది. రాయగలిగిన యువకులు, ఆశ అక్కలు, బడి పంతుళ్లు మార్చి ఆఖరులోగా తమ మండల సంఘం వాళ్లను కలవండి.