ఆ కుర్చీలు మనవే
ఇచ్ఛాపూర్, హజీరా రోడ్డు, ఉధ్నా, లింబాయత్ ప్రాంతాల్లో ఉంటున్న తెలుగు కుటుంబాలకు విన్నపం



వినాయక చవితికి పందిరి వేయాలన్నా, బతుకమ్మ ఆడేందుకు మైదానం అడిగి తెచ్చుకోవాలన్నా మనలో మనుషులకు కొదవ లేదు. రాత్రి పాళీ చేసి వచ్చి కూడా చందా పుస్తకం పట్టుకుని తిరిగేవాళ్లున్నారు. ఆ ఓపికలోంచి నెలకు ఒక పూట మరో పనికి ఇవ్వండని అడగడానికే ఈ కాగితం.

సూరత్ నుంచి ఇచ్ఛాపూర్ దాటి హజీరా వైపు వెళ్తుంటే ఏమేం వస్తాయో మీకు వేరే చెప్పక్కర్లేదు. కవాస్‌లో గ్యాసుతో నడిచే ఎన్టీపీసీ కేంద్రం, క్రిభ్‌కో ఎరువుల కర్మాగారం, ఓఎన్జీసీ గ్యాస్ ప్లాంటు, రిలయన్స్, ఉక్కు కర్మాగారం, ఎల్ఎన్‌జీ టెర్మినల్, ఓడరేవు. మనలో చాలామంది అన్నం అక్కడిదే. ప్రమాదమూ అక్కడిదే. 2020 సెప్టెంబరు 24 తెల్లవారుజామున ఓఎన్జీసీ ప్లాంటులో పేలుళ్లు జరిగాయి, అదృష్టం బాగుండి ప్రాణాలు పోలేదు. 2024 డిసెంబరు 31న ఉక్కు కర్మాగారంలో నిప్పంటుకుని నలుగురు కార్మికులు చనిపోయారు.

కర్మాగారం గోడ అవతల ఉన్నవాళ్లకు భయం లేదనుకుంటే 2022 జనవరి 6ని గుర్తు తెచ్చుకోవాలి. ఆ తెల్లవారుజామున సచిన్ జీఐడీసీ పారిశ్రామిక వాడలో ఒక ట్యాంకర్ దొంగచాటుగా రసాయన వ్యర్థాన్ని నాలాలో వదిలింది. విషవాయువు లేచింది. పక్కనున్న డైయింగ్ మిల్లు కార్మికులు ఆరుగురు చనిపోయారు, ఇరవై మందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. వాళ్లు చేసిన తప్పేమీ లేదు, తమ మిల్లులో తమ పని చేసుకుంటున్నారు. వేళకాని వేళ నాలా పక్కన ట్యాంకర్ ఆగితే మొదట చూసేది ఇన్‌స్పెక్టరు కాదు. రాత్రి పాళీ మనిషి, టీ బండివాడు, వాచ్‌మన్ చూస్తారు. చూసినవాళ్లకు ఎవరికి చెప్పాలో తెలియాలి కదా.

విశాఖలో జరిగింది మనింటి విషయం. 2020 మే 7న ఎల్జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఆర్.ఆర్. వెంకటాపురం మీదికి వచ్చింది. పన్నెండు మంది చనిపోయారు. ఫ్యాక్టరీలో సైరన్ మోగించే మీటలు ముప్పై ఆరు చోట్ల ఉన్నా ఒక్కటీ మోగలేదని ప్రభుత్వం వేసిన ఉన్నతస్థాయి కమిటీయే రాసింది. నిద్ర లేచిన జనం ఎటు పరుగెత్తాలో తెలియక రోడ్ల మీదే కూలిపోయారు. గాలి ఎటు వీస్తోందో చూసి దానికి అడ్డంగా నడవాలనీ, తడిగుడ్డ ముక్కుకు కట్టుకోవాలనీ, పొయ్యి గానీ లైటు స్విచ్చు గానీ ముట్టకూడదనీ ఆ ఊరివాళ్లకు ముందుగా నేర్పిన మనిషి ఉండి ఉంటే అన్న ప్రశ్న మనల్ని వదలకూడదు. ఇచ్ఛాపూర్‌లో మన ఆడవాళ్లలో ఎంతమందికి ఈ మాట తెలుసు? సైరన్ మోగితే అది ఫ్యాక్టరీ షిఫ్టుదో, డ్రిల్లుదో, నిజంగా ప్రమాదానిదో ఎవరైనా తెలుగులో చెప్పారా?

చెప్పాల్సిన ఏర్పాటు చట్టంలో ఉంది. భోపాల్ గ్యాస్ దుర్ఘటన తర్వాత పుష్కరానికి, 1996లో, కేంద్రం రసాయన ప్రమాదాల నియమాలు తెచ్చింది. ప్రమాదకర పరిశ్రమలున్న ప్రతి పారిశ్రామిక వాడకూ ఒక లోకల్ క్రైసిస్ గ్రూప్ ఉండాలంది. అది నెలకోసారి కూర్చోవాలి, ఆరు నెలలకోసారి పూర్తిస్థాయి మాక్ డ్రిల్ చేయించాలి, చుట్టుపక్కల జనానికి ప్రమాదం గురించి బోధపరచాలి, అడిగినవాళ్లకు సమాచారం ఇవ్వాలి. అందులో అధికారులు, కంపెనీల వాళ్లు, అగ్నిమాపక అధికారి, డాక్టర్లతో పాటు ఊరి పెద్దలకూ, ఒక స్వచ్ఛంద సంస్థ ప్రతినిధికీ, ఇద్దరు సామాజిక కార్యకర్తలకూ చోటుంది. ఈ చివరి ముగ్గురినీ గ్రూపు అధ్యక్షుడు నియమిస్తాడు. అడిగేవాళ్లు లేకపోతే ఆ కుర్చీలు ఎవరో ఒకరి పేరుతో కాగితం మీద నిండిపోతాయి.

మా మొదటి కోరిక ఇదే. హజీరా పట్టీలో ఆ కుర్చీల్లో ఒకటి ఇక్కడ బతికే వలస కుటుంబాలకు దక్కాలి. తెలుగువాళ్లకే కావాలని మేం పట్టుబట్టడం లేదు. ఒడియా అన్న కూర్చున్నా, బిహారీ అక్క కూర్చున్నా, హజీరా మత్స్యకారుల ఇంటి మనిషి కూర్చున్నా మాకు సమ్మతమే. ఆ మనిషి వెనక మన గల్లీల్లో కార్యకర్తలు ఉండాలి. ఊరికి వచ్చే పర్యావరణ ప్రజాభిప్రాయ సేకరణల దగ్గరా ఇదే పద్ధతి కావాలి. 2006 పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం అలాంటి సభకు ముప్పై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ప్రాజెక్టు సారాంశం స్థానిక భాషలో ఉండాలి. ఇక్కడ స్థానిక భాష గుజరాతీ. మన పెద్దలు చాలామంది చదవలేరు. కానీ సూరత్ మున్సిపల్ తెలుగు బడుల్లో చదివిన మన పిల్లలు రెండు భాషలూ చదువుతారు, వాటికి తోడు హిందీ. ఈ పిల్లలంత ఆస్తి మనకు మరొకటి లేదు. వాళ్లను పెళ్లిపత్రికలు దిద్దడానికే వాడుకుంటున్నాం!

ఈ పని మన గల్లీల్లో శాంతికీ పనికొస్తుంది. అదెలా అని అడుగుతారేమో. భివండీని చూడండి. మన పద్మశాలీ కుటుంబాలు సాంచాలు నడిపే ఊరే అది కూడా. 1970లో, 1984లో అక్కడ మతకల్లోలాలు ఊరిని తగలబెట్టాయి. తర్వాత, 1980ల చివర్లో సురేశ్ ఖోపడే అనే పోలీసు అధికారి మొహల్లా కమిటీలు పెట్టించాడు. హిందువులూ ముస్లింలూ పోలీసులూ క్రమం తప్పకుండా ఒకచోట కూర్చుని కుళాయిల గొడవ నుంచి ఊరేగింపు దారి దాకా మాట్లాడుకునేవాళ్లు. 1992 డిసెంబరు మతకల్లోలాల్లో సూరత్ కాలిపోతుంటే భివండీ నిలబడింది. కల్లోలం వచ్చాక పెట్టిన శాంతి సభల వల్ల కాదు, అంతకుముందు ఏళ్ల తరబడి చిన్న చిన్న పనుల మీద ముఖాలు ఎరిగి ఉండటం వల్ల. గ్యాసుకు మతం లేదు, భాష లేదు. మాక్ డ్రిల్‌లో పక్కింటి ముసలమ్మను కలిసి మోసినవాళ్లు రేపు పుకారు వస్తే ఫోన్ చేసి కనుక్కుంటారు, రాళ్లు ఏరుకోరు.

సూరత్‌కు మారడం చేతకాదని ఎవరూ అనలేరు. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో లక్షల మంది రైళ్లెక్కి పారిపోయిన నగరం ఇది. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్. రావు మన తెలుగువాడే. ఆఫీసు గదులు వదిలి రోజూ ఉదయం వీధుల్లో తిరగమని అధికారులను పట్టుబట్టి పంపాడు. రెండేళ్లు తిరక్కుండానే దేశంలోని శుభ్రమైన నగరాల్లో దీని పేరు వినబడింది. గొప్ప పథకం కంటే రోజువారీ తిరుగుడే పని చేసిందని మా లెక్క. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి నీరు వదిలితే తాపీ పొంగి హజీరా దాకా మునిగినప్పుడు కూడా ముందు చేరింది పొరుగువాళ్లే, పడవలు ఆ తర్వాత వచ్చాయి.

అభ్యంతరాలు మాకు తెలుసు. పన్నెండు గంటల పని తర్వాత సభలకు ఎవరు పోతారు? పోవద్దు, రోజూ ఇంటి దగ్గరుండే మనిషిని పంపండి. గ్యాసు వచ్చినప్పుడు గల్లీలో ఉండేది వాళ్లే. పేరు ఇస్తే కాంట్రాక్టరు గేటు పాసు తీసేస్తాడన్న భయం నిజమైనది, దాన్ని తేలిక చేయం. అందుకే కంపెనీల్లో పనిచేసేవాళ్లను ముందు నిలబెట్టం. టిఫిన్ నడిపే అక్క, ట్యూషన్ చెప్పే అమ్మాయి, కిరాణా కొట్టు బాబాయి, పని మానేసిన పెద్దాయన చాలు. ఇది కంపెనీల బాధ్యత కదా అనేవాళ్లతో మేం పూర్తిగా ఏకీభవిస్తాం. వాళ్లు బాధ్యత నెరవేరుస్తున్నారో లేదో చూసే మనిషి లేకపోవడమే మన బాధ. రెండేళ్లలో ఊరికి పోతాం, మనకెందుకు అనే మాటకు మాత్రం మాకు ఓపిక లేదు. రెండేళ్లని వచ్చి ఇక్కడే మనవలను ఎత్తుకున్నవాళ్లు ప్రతి గల్లీలో ఉన్నారు.

కార్యకర్త చేసేది కష్టమైన పనేమీ కాదు. గల్లీకి ఇద్దరు. తమ వరసలో నడవలేని ముసలివాళ్లు, బాలింతలు, ఆస్తమా ఉన్నవాళ్లు ఏ గదిలో ఉన్నారో తెలిసి ఉండాలి. గాలి దిక్కు చూడటం, తడిగుడ్డ, ఎటు నడవాలి అన్నది ప్రతి ఇంటికీ తెలుగులో చెప్పాలి. అనుమానపు ట్యాంకర్ కనబడితే దగ్గరికి పోకూడదు, డ్రైవరుతో గొడవ పడకూడదు. నంబరు, చోటు, టైము గుర్తుపెట్టుకుని 112కు చెప్పాలి. మనిషి పడిపోతే 108. (2005లో మన హైదరాబాద్‌లో మొదలైన ఈ 108 రెండేళ్లకు గుజరాత్‌కూ వచ్చింది. నంబరు కొత్తగా నేర్చుకోనక్కర్లేదు.)

కలెక్టరేటులో రెండు అర్జీలు ఇస్తాం. లోకల్ క్రైసిస్ గ్రూప్ చివరిసారి ఎప్పుడు కూర్చుంది, చివరి మాక్ డ్రిల్ ఎక్కడ జరిగింది, సామాజిక కార్యకర్తలుగా ఎవరున్నారు అని మొదటి అర్జీలో అడుగుతాం. రెండోదానిలో మన పేర్లు ఇస్తాం. రెండూ గుజరాతీలో రాయాలి. మీ గల్లీ నుంచి ఇద్దరి పేర్లు ఈ కాగితం ఇచ్చిన మనిషికి చెప్పండి, అందులో ఒకరు ఆడమనిషి అయితే మంచిది. వచ్చే నెల మొదటి వారంలో కలెక్టరేటుకు వెళ్తున్నాం. వచ్చేవాళ్లు ఆధార్ జిరాక్సు తెచ్చుకోండి, గుజరాతీ రాయగల పిల్లో పిల్లాడో ఉంటే వాళ్లనూ వెంటబెట్టుకు రండి.